డిసెంబరులో దుంగలు కోసే చిన్న మిషన్ల వాళ్ల కలయిక: ఎక్కడ పెడదాం, ఏం కోద్దాం?

పాకాల_కోత (నర్సంపేట)
అందరికి నమస్తే. మనలో చానమందిమి దుంగలను పలకలుగ కోసే చిన్న కోత మిషన్ (బ్యాండ్ సా) సొంతంగ పెట్టుకున్నోళ్లమే, లేకుంటే పెట్టుకుందామని చూస్తున్నోళ్లమే. ఫొటోలు పెట్టుకుంటున్నం, వీడియోలు చూస్తున్నం గని ఒకరి మిషన్ మీద ఇంకొకరు చెయ్యి వేసింది లేదు. డిసెంబరుల ఒక ఆదివారం మా పొలంకాడ కలుద్దామా? నర్సంపేట నుంచి పాకాల పోయే తొవ్వలనే. నా మిషన్ ఇక్కడి వెల్డింగ్ షాపుల చేయించింది. 19 అంగుళాల చక్రాలు, అంగుళంపావు రంపం పట్టీ, 10 హెచ్‌పీ డీజిల్ ఇంజను. రెండు నల్లతుమ్మ మొద్దులు, ఒక వేప మొద్దు పక్కకు పెట్టిన. పాతిక ముప్పై మంది అయితే చెట్ల కిందనే వంట. పొద్దుగాల మొదలుపెడితే మాపటిదాక కోసుడే కోసుడు. ఎవరెవరు వస్తరు, ఇంకేం ఉంటే బాగుంటదో చెప్పుండ్రి.

గచ్చిబౌలి_చెక్క (హైదరాబాద్)
నేను రెడీ అన్నా! నా దగ్గర చైన్ సాకి తగిలించే మిల్లు ఫ్రేము ఉంది, కారు డిక్కీలో పట్టేస్తుంది. ఒక పోటీ పెడదాం. ఒకే సైజు దుంగలు రెండు, ఒకటి మీ బ్యాండ్ సా మీద, ఒకటి నా చైన్ సా మీద. ఎవరి పలకలు ముందు వస్తాయో చూద్దాం. దుంగలు చాలకపోతే, 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో సుడిగాలికి వేల చెట్లు కూలాయి కదా, అందులోవి ఏమైనా దొరుకుతాయా? ఎలాగూ పడిపోయినవేగా.

మంగపేట_జామాయిల్
పోటీ పెడితే పొట్టు ఎవరికి ఎక్కువ వచ్చిందో కూడ కొలవండ్రి. చైన్ సా ఒక్క కోతకు 8, 9 మిల్లీమీటర్లు తినేస్తది. సన్న పట్టీ 2 మిల్లీమీటర్ల కాడికే తింటది. చైన్ సాతోటి నాలుగు కోతలకు ఒక పలక పొట్టయి పోయినట్టే. నేను వస్త, జామాయిల్ దుంగలు తెస్త.

రిటైర్డ్_రేంజ్ (హనుమకొండ)
మీ ఉత్సాహం మీద నీళ్లు చల్లక తప్పడం లేదు. అటవీ శాఖలో పనిచేసి రిటైరైన వాడిని, చూస్తూ ఊరుకోలేను.

మొదట మేడారం సంగతి. రిజర్వు అడవిలో చెట్టు నిలబడి ఉన్నా, పడి ఉన్నా అది ప్రభుత్వానిదే. గాలికి పడిందని ఎవరి సొత్తూ అయిపోదు. ఆ ఆలోచన ఇక్కడితో వదిలేయండి.

రెండోది స్థలం. పాకాల అంటే 860 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. దాని దారిలో ఆదివారం పూట ముప్పై మంది, నాలుగు కోత మిషన్లు, ట్రాక్టరు నిండా దుంగలు. బీట్ ఆఫీసర్ స్థానంలో నేనుంటే ముందు మిషన్లు సీజు చేసి, ఆ తర్వాత మాట్లాడేవాడిని. 1996 డిసెంబరు 12న అడవుల రక్షణకు సంబంధించిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తర్వు వచ్చినప్పటి నుంచి సామిల్లు అంటే శాఖకు మామూలు వ్యవహారం కాదు. ఆ కోర్టు వేసిన కేంద్ర సాధికార కమిటీ ముందస్తు అనుమతి లేనిదే ఏ రాష్ట్రంలోనూ కొత్త సామిల్లు తెరవరాదని 2002 అక్టోబరులో మళ్లీ ఉత్తర్వు వచ్చింది. 2016లో కేంద్ర పర్యావరణ శాఖ మార్గదర్శకాలు ఇచ్చాక ఆ నిర్ణయం రాష్ట్ర స్థాయి కమిటీల చేతికి వచ్చింది. లైసెన్సు లేకుండా దుంగను కోసే బ్యాండ్ సా నడపడం చిన్న విషయం కాదు.

పాకాల_కోత
సార్, నా మిషన్‌కు చక్రాలున్నయి, ట్రాలీ మీద ఉంటది. షెడ్డు లేదు, పునాది లేదు. అది మిల్లు ఎట్ల అయితది? తుమ్మ నా గట్టు మీదిది. నా ఇంటి దర్వాజకు నేను కోసుకుంటున్న. అమ్ముకుంటలేను.

రిటైర్డ్_రేంజ్
ఆ వాదన నాకు తెలుసు. చక్రాలున్నది మిల్లు కాదని మీరు, దుంగను సైజుగా (కోత చెక్కగా) మార్చేది ఏదైనా మిల్లేనని వాళ్లు. ఎవరిది నెగ్గుతుందో తేల్చుకోవాలంటే మీ డీఎఫ్‌వో (జిల్లా అటవీ అధికారి) ఆఫీసుకు రాతపూర్వకంగా అడగండి, జవాబు తీసుకోండి. ముప్పై మంది అతిథులు ఆకు ముందు కూర్చున్న రోజు మాత్రం అది తేల్చుకునే రోజు కాదు. ఇంకొకటి: సొంత గట్టు మీది చెట్టయినా కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, కొట్టాక రవాణాకు వేరే నియమాలున్నాయి. ఏ జాతికి మినహాయింపో, ఏ జాతికి పర్మిట్ కావాలో రేంజ్ ఆఫీసులో అడిగితే చెబుతారు. టేకు, జిట్రేగి అయితే అసలు అడగకుండా కదలొద్దు.

కరీంనగర్_సామిల్
సార్ చెప్పింది కరెక్ట్. మేము లైసెన్సు రెన్యువల్ కోసం, స్టాకు రిజిస్టర్ల కోసం తిరుగుతుంటే, ఇక్కడ ట్రాలీ మిషన్ కొని ఊరూరా కోసి రీల్స్ పెట్టుకుంటున్నరు. ఒకరు దొరికితే తనిఖీ మా మిల్లులకు కూడ వస్తది. కోపం కాదు, ఉన్న మాట చెప్తున్న. మీరు కలవండి, తప్పు లేదు. లైసెన్సున్న మిల్లులో కలవండి. ఆ మిల్లు మిషన్ మీద, ఆ మిల్లు రిజిస్టర్‌లోకి ఎక్కిన దుంగలు కోస్తే ఎవరూ ఏమీ అనరు.

గచ్చిబౌలి_చెక్క
కానీ అన్నా, అప్పుడు మన చిన్న మిషన్లు ఎందుకు? మిల్లులో పెద్ద మిషన్ వాళ్ల మనిషి నడుపుతాడు, మనం చూస్తూ నిలబడతాం. దానికి యూట్యూబ్ చాలు కదా.

దార_మేస్త్రి (కాజీపేట)
ఇన్నిరోజులు చదువుకుంట ఊకున్న, ఇప్పుడు రాస్త. నా పని పట్టీలకు దార పెట్టుడు, తెగినయి అతుకుడు, సెట్టు పెట్టుడు, అంటె పళ్లను కొంచెం అటు ఇటు వంచుడు. ఓరుగల్లు చుట్టుపక్కల మిల్లుల పట్టీలు నా చేతుల మీదికెళ్లే పోతయి. చిన్న మిషన్లోళ్లు గూడ వస్తరు. అందరు అడిగేది ఒక్కటే: "మేస్త్రీ, పలక అలలు అలలుగ వస్తుంది, మిషన్ ఖరాబా?" మిషన్ మంచిగనే ఉంటది. పట్టీ ఖరాబు.

కోసుడు ఎవరికైనా వస్తది తమ్మీ. హ్యాండిల్ తోస్తే మిషన్ కోస్తది. నేర్చుకోవాల్సింది పట్టీ. దుంగ నడుమ అలలు వస్తె సెట్టు తక్కువైంది, లేకుంటే దార పోయింది. పొట్టును చేతిల పట్టుకొని చూడు. వేడిగ, మెత్తగ, పలకకు అంటుకొని ఉంటే పళ్లకు సెట్టు లేదు, కోసిన సందుల పొట్టు బయటికి పోతలేదు. గరుకుగ, లోతు గీతలు పడుతుంటే సెట్టు ఎక్కువైంది. ఒక పన్ను కుడికి, ఒకటి ఎడమకు, ఒకటి నడుమ. రెండు పక్కల సెట్టు సమానంగ లేకుంటే పట్టీ ఎక్కువున్న దిక్కుకే గుంజుకపోతది. డయల్ గేజ్ పెట్టి చూస్తె అర మిల్లీమీటరు కాడ కూడ తేడా దొరుకుతది, కంటికి దొరకది.

రెండోది. పన్ను మొన ఒక్కటే రుద్ది దార అయిందనుకుంటరు. పన్నుకు పన్నుకు నడుమ గుంత ఉంటది చూడు, దాన్ని మొత్తం రాయి తిప్పుకుంట రుద్దాలె. ఆ గుంత అడుగున కండ్లకు కనపడని పగుళ్లు పడతయి. రుద్దకుంటే అక్కడినుంచే తెగుతది. చిన్న మిషన్ల చక్రం చిన్నది, పట్టీ ఎక్కువ వంగుతది, అందుకే మీ పట్టీలే ఎక్కువ తెగుతయి. రెండు గంటలు నడిచినంక పట్టీ విప్పి పక్కకు వెయ్యుండ్రి, దార మంచిగున్నా సరే. పనైనంక టెన్షన్ దించుండ్రి. రాత్రంత బిగించి ఉంచితె పట్టీకి చేటు, చక్రం మీది బెల్టుకు చేటు.

తుమ్మకు జామాయిల్‌కు ఒకటే పట్టీ వేసేటోళ్లున్నరు. ఎండిన తుమ్మకు పన్ను వాలు తక్కువుండాలె, 4 డిగ్రీలు, లేకుంటే 7. మెత్త కట్టెకు 10 డిగ్రీలు నడుస్తది. ఇవన్ని రాసి చెప్తె రావు, చేతిల పట్టీ ఉండాలె. మీరు కలిస్తె నేను వస్త. నా దార మిషన్, సెట్టు మిషన్ తెస్త. ఎవరి మొండి పట్టీ వాళ్లు తెచ్చుకోండ్రి. దానికి ఏ ఫారెస్టు పర్మిషన్ అక్కర్లేదు.

పాకాల_కోత
మేస్త్రీ, మీరు వస్తనంటే ఇంకేం గావాలె.

హనుమకొండ_రందా
మేస్త్రి గారు అసలు విషయం చెప్పారు. నేను ఇంకోటి చెప్తాను. మాది ఫర్నిచర్ షెడ్డు. చిన్న మిషన్ల మీద కోసిన పలకలు నా దగ్గరకి చిత్రిక పట్టించుకోవడానికి తెస్తారు. కోత చక్కగానే ఉంటుంది. కానీ ఎర్రటి ఎండలో గోడకు చేరేసి ఆరబెట్టారు, రెండు వైపులా పగిలి, నడుమ గిన్నెలా వంగి ఉంటాయి. రందా మిషన్ మీద వేస్తే అంగుళంన్నర పలక ముప్పావంగుళానికి వస్తుంది. కష్టపడి కోసిందంతా పొట్టే.

కాబట్టి కలయికలో సగం పూట ఆరబెట్టడానికే ఇవ్వాలి. నా షెడ్డు ఇస్తాను, హనుమకొండలోనే. కోసి తెచ్చిన చెక్కతోనే పని, బ్యాండ్ సా లేదు, టేబుల్ సా బ్లేడు 10 అంగుళాలది. సార్, 2016 మార్గదర్శకాల ప్రకారం మాకు మినహాయింపు ఉంది కదా?

రిటైర్డ్_రేంజ్
అవునమ్మా. బ్యాండ్ సా గానీ, 30 సెంటీమీటర్ల వ్యాసం దాటిన గుండ్రటి రంపం గానీ లేకుండా, సక్రమంగా కొన్న కోత కలపతో పనిచేసే చోట్లకు ఆ లైసెన్సు అవసరం లేదు. మీది 25 సెంటీమీటర్ల చిల్లర. కొన్న చెక్కకు బిల్లులు మాత్రం ఫైల్లో ఉంచుకోండి. ఆ రోజు అక్కడ దుంగ దించకండి, పలకలే తెండి.

కరీంనగర్_సామిల్
వరంగల్‌లో మాకు తెలిసిన లైసెన్సు మిల్లు ఉంది, బంధువులదే. మాట్లాడిన. అమావాస్యకు ఎట్లాగూ బంద్ ఉంటది, ఆ రోజు ఊరికే ఇస్తమన్నరు. కరెంటు బిల్లు మనం కడితే చాలు.

దార_మేస్త్రి
అమావాస్య నాడు నేను పనిముట్టు ముట్టను. మా ఇంట్ల మా తాత నాటి నుంచి లేదు. ఏ నాడు పెట్టుకున్నా వస్త, ఆ ఒక్క నాడు తప్ప.

పాకాల_కోత
మేస్త్రి లేకుంటే కలిసేదే వద్దు. ఆదివారమే పెడదాం. సగం పూట కిరాయి ఇద్దాం, మిల్లు మనిషికి కూలి ఇద్దాం. తలా 500 వేసుకుంటే భోజనంతో సహా ఎళ్తది.

మంగపేట_జామాయిల్
డిసెంబరులోనే ఎందుకు? సంక్రాంతి తర్వాత పెట్టుకుంటె అందరికి తీరిక ఉంటది కదా.

పాకాల_కోత
ఎక్కడి తీరికన్నా? సంక్రాంతి దాటితే మిర్చి ఏరుడు మొదలు. ట్రాక్టర్లు, ట్రాలీలు అన్ని ఎనుమాముల మార్కెట్ మొకానే ఉంటయి. జాతర ఉన్న ఏడు అయితే బస్సులు కూడ మేడారమే పోతయి. నవంబరుల వరి కోతలు. డిసెంబరు నడుమ రెండు వారాలే మనకు దొరికేది. ఎండ కూడ ఉండదు.

హనుమకొండ_రందా
డిసెంబరు పలకలకూ మంచిదే. వేసవిలో పడమటి గాలి తగిలితే తడి పలక రోజుల్లోనే చీలిపోతుంది. చలికాలంలో మెల్లగా తడి వదులుతుంది. ఆ రోజు కోసిన పలకలు మధ్యాహ్నం నా షెడ్డుకి తీసుకొచ్చి అందరం కలిసి పేర్చుదాం. కింద ఇటుకల మీద సమమట్టం, పలకకీ పలకకీ మధ్య అంగుళం మందం పుల్లలు, అడుగున్నరకి ఒకటి, పై నుంచి కింద దాకా ఒకే వరసలో. పుల్లలు వరస తప్పితే పలక అక్కడే వంగుతుంది. చివరలకి మైనమో, పాత పెయింటో. పైన బరువు. నాలుగు నెలలకోసారి తేమ మీటరు పెట్టి ఇక్కడే రీడింగ్ రాస్తాను. 12 శాతం లోపు వచ్చే దాకా ఎవరూ రందా అడగొద్దు.

గచ్చిబౌలి_చెక్క
అక్కా, మామిడి కూడా కోద్దామా? మా కాలనీలో కొట్టేసిన చెట్టు ఒకటుంది. చూడ్డానికి గీతలు భలే ఉన్నాయి.

హనుమకొండ_రందా
కొట్టి ఎన్నాళ్లైంది తమ్ముడూ? మామిడి దుంగ వానకి పడి ఉంటే నీలం నలుపు మచ్చలు పట్టేస్తుంది, వెంటనే పురుగు. కొట్టిన వారం పది రోజుల్లో కోసేస్తే మంచిది. కోసిన రోజే పురుగు పట్టకుండా మందులో ముంచాలి. 10 లీటర్ల నీళ్లకి బోరాక్స్ 300 గ్రాములు, బోరిక్ యాసిడ్ 200 గ్రాములు. వేడి నీళ్లయితే తొందరగా కరుగుతుంది. నేను డ్రమ్ము రెడీ పెడతాను. చేతులకి గ్లవ్స్ వేసుకోవాలి.

రిటైర్డ్_రేంజ్
కాలనీలో ఆ చెట్టు కొట్టడానికి అనుమతి ఎవరు తీసుకున్నారు, ఆ కాగితం ఉందా? లేకపోతే హైదరాబాద్ నుంచి మోసుకురావద్దు.

గచ్చిబౌలి_చెక్క
సరే సార్, మామిడి క్యాన్సిల్. 😅 వేరే డౌటు. ఆ మధ్య ఒక మిల్లులో దుంగ కొన్నాను. చుట్టుకొలత 48 అంగుళాలు, పొడవు 10 అడుగులు. వాళ్లు 10 సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు) అన్నారు. ఇంటికొచ్చి పై ఆర్ స్క్వేర్ వేస్తే 12.7 వచ్చింది. నాకే లాభం కదా? ఎందుకు తగ్గించి ఇచ్చారు?

కరీంనగర్_సామిల్
హహ్హహ్హ. ఎవరూ తగ్గించలేదు. మిల్లులో దుంగ లెక్క పావు చుట్టు లెక్క. 48లో పావు 12, పన్నెండు పన్నెండ్లు 144, ఇంటూ 10 అడుగులు, భాగారం 144. పది. గుండ్రటి దుంగలో 78.5 శాతమే లెక్కకొస్తది. మిగతాది బద్దలు, బెరడు, పొట్టు కింద పోతదని ఇంగ్లీషోళ్ల కాలం నుంచి వస్తున్న లెక్క, హాపస్ అంటరు. రేటు కూడ ఆ లెక్క మీదనే కట్టిందుంటది కాబట్టి నీకు లాభం లేదు, నష్టం లేదు. వంకర తుమ్మ అయితే ఆ పదిలో కూడ నీకు సైజులు సగమే చేతికొస్తయి. ఆ రోజు టేపు పెట్టి ముందు అందరితో కొలిపిద్దాం. ఎన్ని సైజులు వస్తయో చీటీ రాసుకోండి, కోసినంక చూద్దాం. పోటీ కావాలంటివి కదా, ఇది పెట్టుకో.

మంగపేట_జామాయిల్
జామాయిల్ తప్పకుండ కోద్దాం, మావైపు అదే ఉన్నది. కమలాపురం గుజ్జు ఫ్యాక్టరీ 2014ల బంద్ అయినప్పటి నుంచి కట్టె దూరం పోతుంది, రేటు మన చేతిల లేదు. సైజులు కోసి పశువుల కొట్టాలకు వాడుకుంటే నయమని చూస్తున్న. గని పలక కోయంగనే విల్లు లెక్క వంగుతది, దుంగ చివర ఫట్‌మని చీలుతది. దానికేమన్న ఉన్నదా?

దార_మేస్త్రి
అది పట్టీ తప్పు కాదు. జామాయిల్ పెరిగేటప్పుడే లోపల బిగువు ఉంటది, పై పొర గుంజుతుంటది, నడుమ నెట్టుతుంటది. ఒక దిక్కే కోసుకుంట పోతె ఆ బిగువు ఒక్క దిక్కే ఇడుస్తది, మిగిలిన దుంగ వంగుతది. ఒక పలక తియ్యి, దుంగను బోర్ల తిప్పు, ఎదురు దిక్కు ఒకటి తియ్యి, మళ్ల తిప్పు. సన్న చెట్లు పనికిరావు, లావు దుంగలు తే. ఎనిమిది అడుగుల కంటే పొడుగు పెట్టకు. నడిమి గుండె వేరే తీసెయ్యి, అది పలకల కలిస్తె చీలుతది. ఓపిక కావాలె, తిప్పినప్పుడల్ల కొంకి, గడ్డపారలు పట్టేటోళ్లు ఇద్దరుండాలె.

రిటైర్డ్_రేంజ్
జామాయిల్ మిల్లుకు చేరినప్పుడు ఏ ఊరి పట్టా భూమి నుంచి వచ్చిందో కాగితం వెంట ఉండాలి. మినహాయింపు జాతి అయినా సరే, పహాణీ నకలు ఒకటి పెట్టుకోండి. తుమ్మకూ అంతే. నేను ముందురోజు వచ్చి చూసి, మిల్లు రిజిస్టర్‌లో ఎక్కించే దాకా కూర్చుంటాను. ఇష్టమైతే స్థానిక రేంజ్ ఆఫీసర్‌ను గంట సేపు పిలుద్దాం. చిన్న రైతుకు ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు అని ఆయన నోటి నుంచే వింటే మంచిది. ట్రాలీ మిషన్ ప్రశ్న కూడా అప్పుడే అడగవచ్చు.

పాకాల_కోత
అడుగుత సార్. డీఎఫ్‌వో ఆఫీసుల దరఖాస్తు కూడ ఇస్త. అప్పటిదాక నా మిషన్ టార్పాలిన్ కిందనే ఉంటది. ట్రాలీ మీద మిల్లుకు తెస్త, ఇంజను స్టార్ట్ చెయ్య. చక్రాలు వరసల ఉన్నయా, గైడు రోలర్లు పట్టీకి సరిగ తాకుతున్నయా మేస్త్రి చూస్తే చాలు.

దార_మేస్త్రి
అదే ఎక్కువ పని. తే.

హనుమకొండ_రందా
తుమ్మ మొద్దులు గట్టు మీదివి అంటున్నారు. తీగ కట్టడానికి మొలలు కొట్టారా?

పాకాల_కోత
కంచెకు కొట్టిందే అక్కా. మా నాయిన కాలంల ఎన్ని కొట్టిండో ఎవరికి ఎరుక.

దార_మేస్త్రి
అయితే మెటల్ డిటెక్టర్ లేనిదే నేను పట్టీ ఎక్కియ్యనియ్య. ఒక్క మొల తగిలితే పళ్లన్ని పోతయి. తుమ్మల కోసిన చివర నల్లగ సిరా మరక లెక్క కనపడితె లోపల ఇనుము ఉన్నట్టే. తుమ్మ వగరుకు ఇనుము నల్లబడుతది. అక్కడ గుర్తు పెట్టి ఉలితోటి తవ్వి తియ్యాలె.

గచ్చిబౌలి_చెక్క
చేతిలో పట్టుకునే డిటెక్టర్ నా దగ్గర ఉంది, తెస్తాను. చెవులకి మఫ్స్, కళ్లజోళ్లు, మాస్కులు కూడా ఒక డజను తెస్తాను. చెక్క పొట్టు ధూళిని డబ్ల్యూహెచ్‌ఓ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గం కారకాల్లో పెట్టింది, అందుకే మాస్కు విషయంలో నేను పట్టుబడతాను.

కరీంనగర్_సామిల్
నా షరతులు చెప్తున్న, మిల్లు వాళ్లవి కూడ ఇవే. లుంగీ, మెడలో తువ్వాల, వేలాడే చున్నీ ఉంటే గేటు దగ్గరే ఆపేస్తం. చేతికి దారాలు, కడియాలు తీసెయ్యాలి. పట్టీ నడుస్తున్నప్పుడు గీసిన గీత లోపల ఆరుగురే, మిగతా వాళ్లు తాడు అవతల. మద్యం వాసన వస్తే ఇంటికే. పిల్లలని తేవొద్దు, ఎంత ఏడ్చినా సరే. రీల్స్ భోజనాల దగ్గర తీసుకోండి. ఏమన్నా అయితే ఎంజీఎం ఆసుపత్రి దగ్గరే, ఒక కారు ఖాళీగా తాళంతో సహా గేటు దగ్గర నిలబెడదాం.

మంగపేట_జామాయిల్
భోజనం సంగతి ఎవరు చూస్తున్నరు? శాకాహారులు చెప్పండ్రి ముందే.

హనుమకొండ_రందా
నేను చూస్తాను. మా వీధిలో వంటామె ఉంది. మిల్లులో పొద్దున ఉప్మా, చాయ్. మధ్యాహ్నం షెడ్డు దగ్గర అన్నం, పప్పుచారు, కోడికూర, వంకాయ. కోడికూర వద్దనుకునే వాళ్లు పేరు పక్కన రాయండి.

పాకాల_కోత
అయితే ఖాయం చేస్తున్న. డిసెంబరు రెండో ఆదివారం. పొద్దుగాల 7 గంటలకు మిల్లుకాడ కొలతలు, చీటీలు, మొలల వేట. 8 నుంచి 11 దాక కోత: తుమ్మ ఒకటి, జామాయిల్ రెండు. వేప ఉంచుతున్న, టైము ఉంటెనే. అదే టైముల తాడు అవతలి వాళ్లకు మేస్త్రి కాడ దార, సెట్టు. ఆరుగురు ఆరుగురు మారుకుంట. 11కు రేంజ్ ఆఫీసర్ వస్తె ఆయన మాట. తర్వాత పలకలు డీసీఎంల హనుమకొండకు. భోజనం, పలకలను మందు డ్రమ్ముల ముంచుడు, పేర్చుడు. నాలుగున్నరకు విడిచిపెడదాం, దూరంపోయేటోళ్లున్నరు. మిల్లు అడ్రసు పేరిచ్చిన వాళ్లకే పంపుత. ముప్పైకి మించితే రెండో విడత ఆ తర్వాతి ఆదివారం చూద్దాం.

గచ్చిబౌలి_చెక్క
నన్ను వేసుకోండి, ఇంకో ఇద్దరు ఫ్రెండ్స్ కూడా. చైన్ సా ఫ్రేము తేవాలా వద్దా?

పాకాల_కోత
తే, చూపిద్దువు. స్టార్ట్ చేసేది మాత్రం సార్ సరేనంటెనే.

రిటైర్డ్_రేంజ్
సరే అనను. చూపించండి.

దార_మేస్త్రి
ఒక మాట. పట్టీలు చుట్ట చుట్టి, తీగతోటి మూడు కాడ కట్టి తేండ్రి. నా కాడికి వచ్చినంక ఎవ్వరు విప్పొద్దు. తీగ తెంపంగనే ఎగిరి మొకానికి తగులుతది. నేను విప్పుత.